ముగ్గు కింద ఇంకో అంకె వేయండి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. ధనుర్మాసం దగ్గరపడింది. ఎప్పటిలాగే మీ పత్రికలో రోజుకో ముగ్గు వేస్తారు. దాని కింద "13 చుక్కలు, 7 వరకు, సందు చుక్క" అని ఒక వరస రాస్తారు. ఆ ముక్కలు కత్తిరించి దాచుకునే వాళ్లలో నేనూ ఉన్నాను. మా అమ్మ దాచినవి కూడా పాత డైరీలో అంటించి నా దగ్గరే ఉన్నాయి. ఈ ఏడాది ఆ వరసలో ఇంకో అంకె చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. అది ఏ అంకె, ఎందుకు అన్నది చెప్పాలంటే రెండు మాటల్లో తేలదు. ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

కిందటేడు మీ ఆదివారం సంచికలో కలంకారీ మీద ఒక వ్యాసం వచ్చింది. బాగా రాశారు. అందులో "ఈ డిజైన్లకు అంతే లేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బొమ్మలకు అంతు లేదన్న మాట నిజమే. మామిడి పిందె, కమలం, చిలుక, తీగ, ఎవరి చేతికి తోచింది వాళ్లు చెక్కుకోవచ్చు. కానీ ఆ బొమ్మను గుడ్డ నిండా పరిచే పద్ధతులకు అంతుంది. అవి సరిగ్గా 17. పెడనలో అద్దినా, పోచంపల్లిలో నేసినా, స్పెయిన్‌లో గోడకు పలకలు పరిచినా, ఒకే బొమ్మ రెండు దిక్కుల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే ఏ పనైనా ఆ 17 పద్ధతుల్లో ఏదో ఒకటి అయి తీరుతుంది. పద్దెనిమిదోది లేదు. ఎవరికీ దొరకలేదని కాదు, ఉండడానికి వీల్లేదని రుజువైంది.

నేను పెడనలో అద్దకం ఇంట్లో పుట్టాను. తర్వాత జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎమ్మెస్సీలో గ్రూప్ థియరీ (సౌష్ఠవాన్ని లెక్కగట్టే విద్య) పేపరు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. కానీ చిన్నప్పుడు మా వసారాలో చూసినదీ ఆ పేపర్లో చదివినదీ ఒకటేనని నాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే 17 బొమ్మలు కనిపించాయి. వాటిలో నాలుగైదు మా నాన్న దుప్పట్లే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం, దాంతోపాటు వచ్చిన బాధ, రెండూ ఇంకా గుర్తున్నాయి. నాన్న అప్పటికే పోయారు.

మా వసారాలో పొడుగాటి అద్దకం బల్ల ఉండేది. దాని మీద గోనె పట్టాలు, ఆ పైన గుడ్డలు మడతలు మడతలుగా పరిచి మెత్తగా చేసేవారు. కరక్కాయ పట్టించి ఎండబెట్టిన గుడ్డను దాని మీద వేసి, పక్కన రంగు పళ్లెం పెట్టుకుని నాన్న నిలబడేవారు. పాత ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో నానబెట్టి తీసిన నల్ల రంగుతో ముందు గీత అచ్చు వేయాలి. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ రంగు, మళ్లీ గుద్దు. అచ్చు మూలన చిన్న గుర్తు ఉండేది. ముందు వేసిన అచ్చు గుర్తు మీద ఈ అచ్చు గుర్తు కూర్చోవాలి. గుర్తు తప్పితే దుప్పటి మొత్తం వంకర పోతుంది. ఆరుగజాల పొడవునా ఆయన స్కేలు పట్టుకోవడం నేను చూడలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకటి జరిగింది. మామిడి పిందె అచ్చు ఒకటి బాగా అరిగిపోయింది. అలాంటిదే కొత్తది చెక్కమని, దాంతో అద్దిన గుడ్డ ముక్కను నాన్న చెక్కేవాళ్లింటికి పంపించారు. పెద్దాయనకు ఒంట్లో బాగోక, పని నేర్చుకుంటున్న ఆయన కొడుకు చెక్కాడు. గీతలు చక్కగా పడ్డాయి, లోతు సరిపోయింది. తీరా రంగులో ముంచి కొడితే పిందె ముక్కు కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది.

"ఏరా అబ్బాయ్, ముక్కు ఇటు తిరిగిందేంట్రా?" అన్నారు నాన్న.

"మీరిచ్చిన గుడ్డ మీద ఎలా ఉందో అలాగే చెక్కాను పెదనాన్నా" అన్నాడు ఆ కుర్రాడు. ఏడుపొక్కటే తక్కువ.

వాడన్నది నిజమే. గుడ్డ మీద ఉన్నట్టే చెక్కాడు, అందుకే తప్పింది. గుడ్డ మీద ఎలా రావాలో చెక్క మీద దానికి తిరగేసి చెక్కాలి. నాన్న ఆ అచ్చును అటు తిప్పి కొట్టారు, ఇటు తిప్పి కొట్టారు, తలకిందులు చేసి కొట్టారు. ఎన్ని తిప్పినా ఎడమ ముక్కు కుడి ముక్కు కాలేదు. అచ్చును బోర్లా తిప్పడానికి లేదు కదా, వెనక ఉండేది పిడి. చివరికి దాన్ని గూట్లో పడేశారు.

రెండ్రోజుల తర్వాత మా అమ్మ ఆ అచ్చు తీసి, కొత్తగా వచ్చిన కుడి అచ్చు పక్కన పెట్టింది. "ఏవండీ, ఈ రెండూ ఎదురెదురుగా వేసి చూడండి" అంది. నాన్న ఒక పాత గుడ్డ మీద వేశారు. రెండు పిందెలు ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి. మధ్యలో అద్దం పెట్టినట్టుంది. ఆ ఏడాది మా ఇంట్లో అద్దిన దుప్పట్లలో సగం ఆ జోడుతోనే. ఆ కుర్రాడికి నాన్న డబ్బులు పూర్తిగా ఇచ్చారు. పైగా ఇంకో జోడు చెక్కమన్నారు.

లెక్కల్లో ఈ విషయం ఇలా ఉంటుంది. ఒక బొమ్మను, దాని సైజు ఆకారం మారకుండా, ఇంకో చోట పెట్టడానికి ఉన్నవి నాలుగే దారులు. జరపడం. ఒక బిందువు చుట్టూ తిప్పడం. అద్దంలో చూపడం. నాలుగోదాన్ని నేను క్లాసులో "జారుడు అద్దం" అనేదాన్ని, అంటే అద్దంలో చూపి, ఆ అద్దం గీత వెంటే కొంచెం జరపడం. ఇది కష్టంగా అనిపిస్తుంది గానీ మన చీరల అంచుల్లో ఎప్పటినుంచో ఉంది. అంచు మీద మెలికలు తిరిగే తీగను చూడండి. ఒక ఆకు పైకి, తర్వాతి ఆకు కిందకి, మళ్లీ పైకి. పై ఆకును అద్దంలో తిప్పి సగం మెలిక జరిపితే కింది ఆకు మీద సరిగ్గా కూర్చుంటుంది. మంగినపూడి బీచిలో తడి ఇసుక మీద నడిచి వెనక్కి తిరిగి చూసుకుంటే మన అడుగులూ అంతే. అంచులాగా ఒక్క దిక్కులోనే సాగే వాటికి పద్ధతులు 7. గుడ్డ నిండా రెండు దిక్కుల్లో పరిస్తే 17.

ఈ నాలుగు దారుల్లో ఒక్క అచ్చు చేతిలో ఉన్న మనిషికి ఎన్ని అందుబాటులో ఉంటాయి? రెండే. జరపగలడు, తిప్పగలడు. అద్దం అతని చేతిలో లేదు. మామిడి పిందెలాగా కుడి ఎడమ తేడా ఉన్న ఒక్క అచ్చుతో ఎవరెంత ప్రయత్నించినా 17లో 5 పద్ధతులే వస్తాయి. ఊరికే జరుపుతూ పోతే ఒకటి. తలకిందులు చేసినది పక్కన వేస్తూ పోతే రెండోది. ఒక చుక్క చుట్టూ మూడు పిందెలు తిరిగేలా పరిస్తే మూడోది, నాలుగు తిరిగితే నాలుగోది, ఆరు తిరిగితే అయిదోది. మిగిలిన 12 కావాలంటే ఎడమ ముక్కు అచ్చు ఉండి తీరాలి. పని నేర్చుకునే కుర్రాడు పొరపాటున చెక్కిన ఆ చెక్క మా వసారాలోకి ఒకేసారి ఎన్నో కొత్త తలుపులు తెచ్చిందన్నమాట. ఈ సంగతి నాన్నకు అంకెలతో చెప్పగలిగితే ఎంత బాగుండేదో.

ఇంకొకటి చెప్పాలి. రెండో వరసను సగం అచ్చు జరిపి వేయడం అద్దకంలో మామూలే, గోడలో ఇటుకలు పేర్చినట్టు. చూడ్డానికి అది కొత్త డిజైనులాగా ఉంటుంది. కానీ మామిడి పిందెను అలా జరిపి వేసినా, తిన్నగా వేసినా, లెక్క ప్రకారం రెండూ ఒకే పద్ధతి. ఊరికే జరపడమే, దిక్కు మారిందంతే. అదే నిలువునా మధ్యకు మడిస్తే రెండు సగాలూ కలిసే పువ్వు బుటా తీసుకోండి. దాన్ని తిన్నగా వరసల్లో వేస్తే ఒక పద్ధతి, సగం జరిపి వేస్తే ఇంకో పద్ధతి. రెండో దాంట్లో పువ్వుల మధ్యనుంచి పోయే జారుడు అద్దాలు కొత్తగా పుట్టుకొస్తాయి. బొమ్మకు ఉన్న గుణాన్ని బట్టి పరుపు (అంటే బొమ్మలు పరిచిన తీరు) గుణం మారుతుంది. ఈ తేడా మొదటిసారి అర్థమైనప్పుడు నేను రాత్రి పదింటికి లేచి ట్రంకు పెట్టెలోని పాత నమూనా గుడ్డలన్నీ తీసి మంచం మీద పరిచాను.

ఆ మూటలో ఒక విషయం గమనించాను. రెండు తిప్పులవి (అంటే పూర్తి చుట్టు తిప్పేలోపు రెండుసార్లు అలాగే కనిపించేవి), నాలుగు తిప్పులవి బోలెడు ఉన్నాయి. మూడు తిప్పులది గానీ ఆరు తిప్పులది గానీ ఒక్కటీ దొరకలేదు. కారణం చాలా మామూలుది. మా ఇంట్లో అచ్చులన్నీ చదరపు చెక్కలు, కాకపోతే పొడుగు చదరాలు. వాటి అంచులు ఒకదానికొకటి ఆనించుకుంటూ పోతే వచ్చేది చదరాల గడి. అందులో అరవై డిగ్రీల తిప్పుడుకు చోటు లేదు.

కానీ అదే ఇంటి ముందు, రోజూ తెల్లారకముందే, ఆరు తిప్పుల బొమ్మ పడేది. అది మా అమ్మది.

ఇప్పుడు మీ పత్రికలో ముగ్గు కింద వేసే ఆ వరస దగ్గరికి వస్తాను. "ఎదురు చుక్క" అంటే చుక్క కింద చుక్క, నాలుగేసి చుక్కలు కలిపితే చదరం. "సందు చుక్క" అంటే రెండు చుక్కల సందులో కింది చుక్క, మూడేసి చుక్కలు కలిపితే సమబాహు త్రిభుజం. అమ్మ చదువుకున్నది అయిదో తరగతి. కానీ చదరపు గడికీ త్రిభుజాల గడికీ తేడా ఆమె వేలి కొసల్లో ఉంది. ఎదురు చుక్కలో నాలుగు తిప్పుల ముగ్గులు వస్తాయి. సందు చుక్కలో మూడు, ఆరు తిప్పులవి వస్తాయి. 13 చుక్కలు మొదలుపెట్టి 7 దగ్గరే ఎందుకు ఆపాలి, 6 దగ్గరో 5 దగ్గరో ఎందుకు ఆపకూడదు అని నేను ఒకసారి అడిగాను. "ఆరు పక్కలూ సమానంగా రావొద్దూ?" అంది. నిజమే. 7కు రెట్టింపు 14, అందులో ఒకటి తీస్తే 13. 15 అయితే 8 దగ్గర ఆపాలి. అప్పుడే ఆరు భుజాలూ సమానమైన షడ్భుజి వస్తుంది. 13 నుంచి 7 వరకు వేస్తే మొత్తం 127 చుక్కలు. అమ్మ ఎప్పుడూ లెక్కపెట్టలేదు, కానీ ఎప్పుడూ తప్పలేదు.

మా ఇంట్లో బల్ల మీద చదరపు గడి, వాకిట్లో త్రిభుజాల గడి. మధ్యలో ఒక గడప. నేను ఆ గడప మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్నాను.

మరి అయిదు తిప్పులు ఎందుకు లేవు? ఇది పిల్లలు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న. అయిదు రేకుల మందారం చెట్టు నిండా ఉంది, గుడ్డ మీద ఎందుకు కుదరదు టీచర్ అనేవారు. నేను చెప్పేదాన్ని కాదు, గీయించేదాన్ని. మీ పాఠకులూ ఇంట్లో చేసి చూడొచ్చు. గుడ్డ మీద అయిదు తిప్పుల కేంద్రాలు ఉన్నాయనుకుందాం. అంటే ఆ చుక్క మీద మేకు కొట్టి 72 డిగ్రీలు తిప్పితే గుడ్డంతా మళ్లీ అలాగే కనిపించాలి. అలాంటి కేంద్రాల్లో ఒకదానికొకటి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రెండింటిని తీసుకుని, వాటి మధ్య 10 సెంటీమీటర్లు పెట్టి గీయండి. మొదటి దాని చుట్టూ రెండోదాన్ని 72 డిగ్రీలు పైకి తిప్పండి. రెండోదాని చుట్టూ మొదటిదాన్ని ఎదురు దిక్కులో 72 డిగ్రీలు పైకే తిప్పండి. పైన రెండు కొత్త చుక్కలు వస్తాయి. తిప్పితే గుడ్డ మారదు కాబట్టి అవి కూడా కేంద్రాలే కావాలి. ఇప్పుడు ఆ రెండింటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. మా పిల్లలందరికీ 3.8 సెంటీమీటర్లు వచ్చేది. అన్నిటికన్నా దగ్గరివి అని 10 దగ్గర మొదలుపెట్టాం, ఇప్పుడు 3.8 దూరంలో ఇంకో రెండు దొరికాయి. ముందు అనుకున్నది తప్పయింది. ఇదే పని 90 డిగ్రీలతో చేస్తే చదరం వస్తుంది, దూరం 10 గానే ఉంటుంది. 60తో చేస్తే రెండు చుక్కలూ ఒకే చోట కలిసిపోతాయి, గొడవ లేదు. ఏడు అంతకన్నా ఎక్కువ తిప్పులు కూడా ఇలాగే పోతాయి. మిగిలేవి 2, 3, 4, 6. ఇది గీసిన రోజు క్లాసులో వెనక బెంచీ కుర్రాడు ఒకడు లేచి "అంటే దేవుడికి కూడా కుదరదా టీచర్?" అన్నాడు. కుదరదని చెప్పాను. ఆ పిల్లాడు ఇప్పుడు టైల్స్ మేస్త్రీ.

ఇక్కడ ఒక అనుమానం రావొచ్చు. హృదయ కమలం ముగ్గులో ఎనిమిది వైపులుంటాయి కదా, ఒక్కో వైపు అయిదేసి చుక్కలు పెట్టి కలుపుతాం కదా, అది ఎలా కుదిరింది అని. అది ఒక్క ముగ్గు. దానికి కేంద్రం ఒక్కటే, నడి వాకిట్లో. ఒక్క కేంద్రం చుట్టూ అయిదు, ఏడు, ఎనిమిది, ఎన్నైనా తిప్పుకోవచ్చు. దాన్ని గుడ్డలాగా వీధంతా పరుస్తూ పోతే మాత్రం ఆ ఎనిమిది తిప్పుల గుణం మొత్తం పరుపుకు రాదు. మందారమూ అంతే. అయిదు రేకుల పువ్వు గుడ్డ మీద ఉండొచ్చు, గుడ్డకు అయిదు తిప్పులు ఉండవు.

ఈ 17 అనే లెక్కను మొదట రుజువు చేసింది రష్యాలో స్ఫటికాల మీద పనిచేసిన యెవ్‌గ్రాఫ్ ఫెదొరోవ్, 1891లో. ఉప్పు రాయి, పటిక రాయి లోపల అణువులు ఎలా పేర్చుకుంటాయన్నది ఆయన వెతుకులాట. పటిక లేకుండా మా కలంకారీలో ఎరుపు పట్టదు, అది వేరే సంగతి. ఆ తర్వాత హంగరీలో పుట్టిన జార్జ్ పోల్యా 1924లో తనంతట తాను మళ్లీ ఇదే లెక్క తేల్చి, ఒక్కో పద్ధతికి ఒక్కో బొమ్మ గీసి అచ్చు వేశాడు. ఆ బొమ్మలు వేయడమే ఆయన చేసిన గొప్ప మేలు. డచ్ చిత్రకారుడు ఎషర్ 1922లోనూ 1936లోనూ స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోట గోడలు చూసి వచ్చినవాడు. భూగర్భ శాస్త్రవేత్త అయిన ఆయన సవతి అన్న ద్వారా పోల్యా వ్యాసం ఆయన చేతికి వచ్చింది. అందులోని లెక్కల కన్నా ఆ 17 బొమ్మలే ఆయనకు పనికొచ్చాయి. వాటిని తన నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఆ దారిలోనే చేపలూ పక్షులూ బల్లులూ గీశాడు. లెక్క చదవని మనిషికి కూడా బొమ్మ వేసి చూపిస్తే అందుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన వైపు కూడా పని జరిగింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లోనే ముగ్గుల మీద పరిశోధన వ్యాసం రాశారు. ముగ్గును ఒక భాషలాగా, దానికి వ్యాకరణం ఉన్నట్టుగా చూసి, కంప్యూటర్ల సిద్ధాంతంతో కలిపారు. ఆ పరిశోధనకు ముడిసరుకు మన వాకిళ్లలోదే.

ఇది చచ్చిపోయిన చదువు కాదని కూడా మీ పాఠకులకు తెలియాలి. 1982లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం, మాంగనీసు కలిపిన లోహంలో పది తిప్పుల బొమ్మ చూశాడు. స్ఫటికంలో అది కుదరదని అందరికీ తెలుసు, పైన మనం గీసిన కారణం వల్లే. చాలామంది నమ్మలేదు. తీరా చూస్తే ఆ లోహంలో అణువులు ఒక క్రమంలోనే ఉన్నాయి, కానీ మళ్లీ మళ్లీ వచ్చే క్రమం కాదు. 17లో చేరని, ఎంత దూరం పోయినా తిరిగి రాని పరుపు. అలాంటి పరుపులను ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ కాగితం మీద 1974లోనే చూపించాడు. షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

నాకు అంతకన్నా దగ్గరగా అనిపించేది డేవిడ్ స్మిత్ కథ. ఇంగ్లండులో ప్రింటింగ్ పనిలో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన గణిత శాస్త్రవేత్త కాదు. అట్టముక్కలు కత్తిరించి పేర్చుకుంటూ 2022లో 13 భుజాల ఆకారం ఒకటి కనిపెట్టాడు. ఆ ఒక్క ఆకారంతోనే నేలంతా సందు లేకుండా పరవొచ్చు, కానీ ఏ పరుపూ మళ్లీ అదే క్రమంలో రాదు. టోపీలా ఉందని దానికి టోపీ అనే పేరు పెట్టారు. ముగ్గురు నిపుణులతో కలిసి రుజువు చేసి 2023 మార్చిలో ప్రకటించారు. అయితే ఆ పరుపులో అక్కడక్కడా టోపీని బోర్లా తిప్పి పెట్టాలి, అంటే దాని అద్దం బొమ్మ కావాలి. ఇది చదవగానే నాకు మా గూట్లో పడేసిన ఎడమ ముక్కు అచ్చు గుర్తొచ్చింది. ఒకే అచ్చు ఉన్న అద్దకం మనిషి ఆ టోపీ పరుపు వేయలేడు, జోడు అచ్చు ఉండాల్సిందే. చాలామంది అదే అభ్యంతరం చెప్పారట. అదే ఏడాది మేలో వాళ్లే బోర్లా తిప్పాల్సిన అవసరం లేని ఇంకో ఆకారం చూపించారు.

నేను చదువు చెప్పినన్నాళ్లూ సౌష్ఠవం పాఠం అక్షరాలకీ త్రిభుజాలకీ సౌష్ఠవ రేఖలు గీయించడంతో ముగిసేది. తర్వాత పరీక్ష, మార్కుల టెన్షన్. ఒకసారి అచ్చులూ ఇంకు ప్యాడూ తెచ్చి పిల్లలతో నోటుబుక్కుల్లో కొట్టిస్తుంటే, తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు "ఇది డ్రాయింగ్ పీరియడా?" అని రికార్డులో రాసి వెళ్లారు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు. కానీ ఆ క్లాసులో సగం మంది అద్దకం ఇళ్ల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు రోజంతా చేసే పని లెక్కలేనని వాళ్లకు తెలిసిన రోజది. దాన్ని పక్కన పెట్టమనడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది.

ఇప్పుడు పెడనలో కుర్రాళ్లు కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తున్నారు. రిపీట్, హాఫ్ డ్రాప్ (సగం జరపడం), మిర్రర్ అని బటన్లు నొక్కుతారు. మొన్న ఒక అబ్బాయి మా ఇంటికొచ్చి "ఇవన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టారు అమ్మమ్మా" అన్నాడు. వాళ్ల తాతగారు మా నాన్న పక్క బల్ల మీద పనిచేసినాయన. అతన్ని కూర్చోబెట్టి కుడి పిందె, ఎడమ పిందె అచ్చులు చేతిలో పెట్టాను. గంటసేపు కొట్టాడు. మూడు ప్రశ్నలు నేర్పాను. దీన్ని ఎక్కువలో ఎక్కువ ఎన్ని తిప్పులు తిప్పొచ్చు? అద్దం గీత ఉందా? లేకపోతే జారుడు అద్దం ఉందా? ఈ మూడింటితో 17 పద్ధతులూ చిన్న చిన్న గుంపులుగా విడిపోతాయి, ఒక్కో గుంపులో మిగిలినవాటిని అద్దాలూ కేంద్రాలూ ఎక్కడున్నాయో చూసి తేల్చాలి. వాటిలో ఒక జంట కవలల్లాగా మోసం చేస్తుంది. రెండింటికీ మూడు తిప్పులు, రెండింటికీ అద్దాలు. ఒకదాంట్లో తిప్పుడు కేంద్రాలన్నీ అద్దం గీతల మీదే ఉంటాయి, రెండోదాంట్లో కొన్ని గీతల మీద లేకుండా పక్కకు ఉంటాయి. అది చూడగలిగితే ఆ జంటా విడిపోతుంది. వెళ్తూ వెళ్తూ ఆ అబ్బాయి మా గోడ వైపు చూసి "అమ్మమ్మా, ఈ ఇటుకలకు రెండు తిప్పులే కదా" అన్నాడు. అవును, రెండే.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ ధనుర్మాసంలో ముగ్గు కింద "13 చుక్కలు, 7 వరకు, సందు చుక్క" అన్న వరసలోనే "6 తిప్పులు, అద్దం ఉంది" అనో "4 తిప్పులు, అద్దం లేదు" అనో కలపండి. మెలికల ముగ్గుల్లో చాలావాటికి తిప్పులుండి అద్దం ఉండదు, అది చూసుకోవడమే పిల్లలకు ఆట. దీనికి మీకు అదనంగా అయ్యే జాగా నాలుగు మాటలు. రెండోది, సంక్రాంతి ఆదివారం సంచికలో ఒక్క పేజీ ఇచ్చి 17 పద్ధతులూ ఒకే బొమ్మతో వేయండి. మామిడి పిందె అయితే బాగుంటుంది, కుడి ఎడమ తేడా కళ్లకు కనిపిస్తుంది. చదరంగా కత్తిరించి గోడకు అంటించుకునేలా వేయండి. అద్దకం ఇళ్లలో, మగ్గాల ఇళ్లలో, టైల్స్ కొట్లలో అది కనిపించాలని నా కోరిక.

ఆ పేజీకి కావలసినవి నేను అద్ది పంపగలను, డబ్బులేమీ వద్దు. చదరపు అచ్చుల జోడుతో వచ్చే 12 ఇప్పటికే గుడ్డ మీద కొట్టి ఉంచాను. మూడు తిప్పులవి, ఆరు తిప్పులవి మిగిలిన 5కు చదరం పనికిరాదు, అంచులు అరవై డిగ్రీలకు కోసిన జోడు కావాలి. అప్పట్లో ముక్కు తిరగేసి చెక్కిన ఆ కుర్రాడు ఇప్పుడు పెద్దవాడై, ఇంకా అచ్చులు చెక్కుతూనే ఉన్నాడు. అతనికి చెప్పాను. భోగికి పది రోజుల ముందే ఇస్తానన్నాడు. మీరు సరేనంటే ఎండిన వెంటనే గుడ్డలు మీ మచిలీపట్నం ఆఫీసులో ఇచ్చి వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
పెడన, కృష్ణా జిల్లా